ఏడో షరతు

అక్టోబరు 4, శనివారం

మా ఓనరు షాదీ ఈరోజు చెప్పేశాడు. నెలాఖరుకి షాపు మూసేస్తున్నాడట. వాళ్ళ నాన్న హాగ్ రిఫాయీ బతికుండగా ఈ మాట ఎవరైనా అని ఉంటే చేతిలో ఉన్న కుళాయి విసిరేవాడు. కొడుకు మాత్రం ఫోన్ చూసుకుంటూ చెప్పాడు, మధ్యాహ్నానికి కోషరీ తెప్పించనా అని అడిగినంత తేలిగ్గా. ఈ ఫగ్గాలా వీధిలో పందొమ్మిదేళ్ళుగా కుళాయిలూ వాష్ బేసిన్లూ అమ్ముతున్నాను. నాకు నలభై నాలుగు. ఇంకేం పని వచ్చని?

ఆర్డర్లు రాసుకునే పాత పుస్తకం సగం ఖాళీగా ఉంటే ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. నోటితో చెప్పబోతే గొంతు వణుకుతుంది. రాస్తే ఆ గొడవ లేదు.

జేబులో ఒక కాగితం ఉంది. ఇంగీ మేడమ్ గురువారం పంపింది. ఆవిడ వేసవిలో ఆఫీసు కోసం పద్నాలుగు బేసిన్లు కొనడానికి వచ్చింది. మెరుస్తున్న కుళాయిలు ఎంచుకుంటుంటే, "మేడమ్, చేత్తో పట్టుకుని చూడండి, బరువు లేదు, పైన పూతే" అని ఆపాను. "నష్టం వచ్చినా నిజం చెప్పే సేల్స్‌మన్‌ని మొదటిసారి చూస్తున్నాను" అంది. నంబరు తీసుకుంది. ఇప్పుడు ఉద్యోగం ఇస్తానంటోంది. వాళ్ళది ఫయూమ్ రోడ్డు పక్కన ఎడారి కొని, ప్రహరీలు కట్టి, కుటుంబ సమాధులు వాయిదాల మీద అమ్మే కంపెనీ.

సమాధులైతే ఏం? అందరికీ కావలసినవే కదా.

అక్టోబరు 5, ఆదివారం

మా ఆవిడ నజ్లాకి షాపు సంగతి చెప్పాను. కాగితం సంగతి చెప్పలేదు.

అక్టోబరు 7, మంగళవారం

కాగితం పదిసార్లు చదివాను. ఇక్కడ నాకు తొమ్మిదిన్నర వేల పౌండ్లు వస్తున్నాయి. వాళ్ళు ఇచ్చే జీతం ఎనిమిది వేలు. అంటే తగ్గినట్టే. పైన కమీషను. ఒక్కో సమాధి మూడు లక్షలు అనుకుంటే, నూటికి ఒకటిన్నర చొప్పున నాలుగున్నర వేలు. ఇది చదివి లోపల గంతేశాను. తర్వాత చిన్న అక్షరాలు చదివాను.

నెలలో మొదటి రెండు సమాధులకీ కమీషను లేదు. అవి జీతం కింద పోతాయట. మూడోదాని నుంచి లెక్క. అందులోనూ సగం ఇప్పుడు, మిగతా సగం సమాధి కట్టి అప్పగించాక, అంటే రెండేళ్ళకి. కొన్నవాడు మధ్యలో వాయిదాలు మానేస్తే, నాకు ఇచ్చింది నా జీతంలోంచే వెనక్కి పట్టుకుంటారు. ఎవడో ఎక్కడో ఉద్యోగం పోగొట్టుకుంటే నా ఇంట్లో పప్పు ఉడకదన్నమాట.

కుళాయిని చేతిలో పెట్టుకున్నట్టే ఈ కాగితాన్నీ పెట్టుకుని చూశాను. బరువు లేదు.

కానీ ఏడో షరతు ఒకటుంది. "వారానికి ఐదు సామాజిక సందర్శనలు. ప్రతి సందర్శనకూ నూట యాభై పౌండ్లు, ఏ నెలకా నెల." అంటే నెలకి మూడు వేలు. ఎవడూ ఏమీ కొనకపోయినా పదకొండు వేలు ఖాయం. మొత్తం కాగితంలో అసలైన ఇత్తడి ఇదొక్కటే.

ఇంగీ మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఈ సందర్శనలంటే ఏంటి మేడమ్? కస్టమర్ల ఇళ్ళకి వెళ్ళడమా?"

"అలాంటిదే. మనుషుల్ని కలవడం. బహ్గత్ గారని మా సీనియర్ ఉన్నారు, చూపిస్తారు. మీరు ఒక వారం సాయంత్రాలు వచ్చి చూడండి, నచ్చితేనే సంతకం. ఇరవై ఆరో తారీకు దాకా మీకోసం ఆపుతా."

"మొదటి రెండూ లెక్కలోకి రావంటే కష్టం కదండీ."

"వగ్దీ గారూ, మీ మొహం చూస్తే ఎవరైనా కొంటారు. రెండేంటి, వారంలో దాటేస్తారు."

మొహం మెచ్చుకుని షరతు మార్చకుండా తప్పించుకుంది. నేనూ పందొమ్మిదేళ్ళు అదే చేశాను కాబట్టి నాకు తెలుసు. అయినా కాస్త సంతోషమేసింది.

అక్టోబరు 10, శుక్రవారం

ఈ వారం మాంసం లేదు, ములూఖియా ఆకు పులుసు, అన్నం. నజ్లా ఏమీ అనలేదు గానీ గిన్నె పెట్టిన చప్పుడులో అంతా ఉంది. కాగితం సంగతి చెప్పేశాను. సమాధులనగానే మొహం చిట్లించింది. పదకొండు వేలనగానే, కూతురి చదువు గుర్తొచ్చిందేమో, చిట్లింపు పోయింది.

"రఘ్దాకి ఇంకో ఏడాదే. నర్సింగ్ అయిపోతే దాని జీతం అది తెచ్చుకుంటుంది. ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కించు చాలు" అంది.

అమ్మకి మాత్రం స్థలాలు అమ్మే ఉద్యోగం అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. సమాధీ స్థలమే.

అమ్మ భోజనానికి ముందు రెండు చేతులూ తెరిచి పోయినవాళ్ళందరికీ పేరుపేరునా ప్రార్థన చేసింది. చివర్లో ఎప్పటిలాగే బూడిద రంగు సూటు మనిషి వంతు వచ్చింది. ఆయన కోసం ఏదో గొణుక్కుంటుంది, సగం వినబడదు. రఘ్దా "ఆమీన్" అంది. నాకు ఆకలిగా ఉంది, రొట్టె తుంచుకున్నాను.

నాన్న పోయి రెండున్నరేళ్ళు. పాత మేడల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. పరామర్శ రోజున మా వీధి మసీదు హాల్లో బంధువులు వచ్చారు, షేకు నాలుగు భాగాలుగా ఖురాన్ చదివితే ఒక భాగం అయ్యేదాకా కూర్చుని, చేదు కాఫీ తాగి వెళ్ళారు. అదే మర్యాద, తప్పు పట్టడానికి లేదు. ఒక్క మనిషి మాత్రం నాలుగు భాగాలూ కూర్చున్నాడు. తలుపు దగ్గర రెండో వరస. బూడిద రంగు సూటు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఎవరో మాకెవరికీ తెలియదు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద ముద్దు పెట్టి, "మీ నాన్నగారి చేతులు మరిచిపోలేను" అన్నాడు. అమ్మని పలకరించడానికి ఇంటి నంబరు అడిగితే ఇచ్చాను.

నాన్న చేతులు. గ్రీజుతో నల్లబడి ఉండేవి, ఎంత తోమినా ఆ నలుపు గోళ్ళలోంచి పోయేది కాదు. ఆ మాట వినగానే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. అంతవరకూ ఏడుపు రాలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి తనూ విన్న ఆ మాటని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, మెట్ల మీద కలిసిన ప్రతి ఆడమనిషికీ. నాన్న ఎవరికో ఏదో మేలు చేసి మాకు చెప్పకుండా పోయాడని నేను అనుకున్నాను. చాలా కాలం ఆ ఊహ ఆసరాతోనే నడిచాను.

అక్టోబరు 12, ఆదివారం

షుబ్రాలో టైల్స్ షాపు వాడు, షాదీకి తెలిసినవాడు, గోడౌనులో మనిషి కావాలన్నాడు. ఏడు వేలు. కమీషను లేదు. పెట్టెలు లెక్కపెట్టి ఎక్కించి దించడం. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది? ఏడెక్కడ, పదకొండెక్కడ.

అక్టోబరు 13, సోమవారం

బహ్గత్ గారిని కలిశాను. అరవై ఉంటాయి. ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పేవాడట. మెత్తటి గొంతు, మెరిసే బూట్లు. చూడగానే నచ్చే మనిషి.

"కోటుందా?" అని అడిగాడు.

"నల్లది ఉంది."

"నలుపొద్దు. నలుపేస్తే బంధువనుకుంటారు, చుట్టరికం అడుగుతారు. బూడిద రంగు వేసుకో."

ఎందుకని అడగలేదు. బావమరిది దగ్గర ఒకటుంది, అడిగి తెచ్చాను. భుజాల దగ్గర కాస్త వదులు.

అక్టోబరు 14, మంగళవారం

ఈరోజు ఏమీ జరగలేదు.

అక్టోబరు 15, బుధవారం

జరిగింది.

మసీదు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చోబెట్టాడు బహ్గత్ గారు. రోడ్డవతల పరామర్శల హాళ్ళు, మనుషులు లోపలికి పోతున్నారు, వస్తున్నారు. "అదే మన సందర్శన" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు, కావాలనే అర్థం కానట్టు ఉన్నానో ఏమో.

"తెలియని వాళ్ళ పరామర్శకా?" అన్నాను.

"తెలిసినవాళ్ళు వారానికి ఐదుగురు ఎక్కడ చస్తారయ్యా? పేర్లు మా వాళ్ళే రోజూ నీ ఫోన్‌కి పంపుతారు. నువ్వెళ్ళి కూర్చోవాలి. తలుపు దగ్గర, రెండో వరస. కాలు మీద కాలు వెయ్యకు. గడియారం చూడకు. కాఫీలో చక్కెర అడగకు. అందరూ ఒక భాగానికి లేచిపోతారు, నువ్వు నాలుగూ కూర్చో. ఇంట్లోవాళ్ళకి అది గుర్తుంటుంది."

"నువ్వెవరని అడిగితే?"

నవ్వాడు. "చావుకి వచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగే మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు. అందుకే మనం బతుకుతున్నాం. ఆ రోజు సమాధి మాటెత్తకు. నంబరు తీసుకో, మూడో రోజు ఫోన్ చెయ్యి. పాత సమాధుల్లో నీళ్ళు ఊరుతున్నాయని అందరికీ భయమే. నువ్వు గుర్తుంటే నీ దగ్గరే కొంటారు."

ఇదంతా నేను తలూపుతూనే విన్నాను. పని అనుకుంటే పనే.

"పోయేముందు ఒక్క మాట అనాలి. ఎక్కువ మాట్లాడితే దొరికిపోతావు. ఒక్కటే. భుజం మీద ముద్దు పెట్టి, మీ నాన్నగారి చేతులు మరిచిపోలేను అను. పేరు తప్పు కావచ్చు, చేసిన పని తప్పు కావచ్చు. చేతులు లేని తండ్రి ఎవడికీ ఉండడు. ఆడమనిషైతే, ఆవిడ చేతి అన్నం."

నేను కప్పు పట్టుకుని ఉన్నాను. కింద పెట్టడం మరిచిపోయాను.

"ఈ మాట మీరే కనిపెట్టారా?" అని అడిగాను.

"పదేళ్ళ కిందట. నలభై మందికి నేర్పించా. సగం మంది ఇంకా అదే వాడుతున్నారు" అన్నాడు, కాస్త గర్వంగానే.

ఆయన మొహం చూశాను. మా హాల్లో కూర్చున్నది ఆయనేనా? గుర్తు రావడం లేదు. ఆ రోజు నాకు సూటే కనిపించింది. ఆయన కావచ్చు, నలభై మందిలో ఇంకెవరో కావచ్చు. నాన్న పరామర్శ అయిన మూడో రోజు ఇంటికి ఎవడో ఫోన్ చేసి సమాధి కావాలా అని అడిగాడు, అమ్మ మాట్లాడింది, తర్వాత నేను ఫోన్ లాక్కుని తిట్టాను. ఆ ఫోన్‌నీ ఆ సూటునీ నేను ఇన్నాళ్ళూ ఒకచోట పెట్టి చూడలేదు.

నిజంగానే ఎవరికో నాన్న చేతులు గుర్తుండి ఉండొచ్చు. ఉండకూడదని లేదు.

అక్టోబరు 16, గురువారం

ఉండకూడదని లేదు.

అక్టోబరు 18, శనివారం

రెండు రోజులుగా ఇలా ఆలోచిస్తున్నాను. ఆ మాట అబద్ధమైనా నాకు మేలే చేసింది. ఏడవలేని వాణ్ణి ఏడిపించింది. అలాంటిది నేను పదిమందికి చేస్తే తప్పేముంది? నూట యాభై తీసుకుని చేస్తే తప్పా? ఖురాన్ చదివే షేకుకీ డబ్బు ఇస్తారు, కాఫీ పోసేవాడికీ ఇస్తారు.

ఇలా రాస్తే సబబుగానే ఉంది. ఈ రాత్రి నిద్ర పడితే సంతకం పెట్టేస్తాను.

అక్టోబరు 19, ఆదివారం

పట్టలేదు.

అక్టోబరు 21, మంగళవారం

నిన్న ఒంటరిగా పంపారు. ఫోన్‌లో పేరు వచ్చింది. డాక్టర్ ముఖ్తార్, మందుల షాపుల యజమాని, రెండో నంబరు హాలు. అది పెద్ద మసీదు, నాలుగు హాళ్ళు పక్కపక్కనే. బయట కార్లు, జనం. తలుపు మీద నంబరు సరిగా చూడలేదు, తోసుకుని లోపలికి వెళ్ళాను.

తలుపు దగ్గర ఒక్క ముసలాయన నిలబడి ఉన్నాడు. పొడవాటి తెల్ల గలాబియా అంగీ, భుజాన ఉన్ని శాలువా. పక్కన కొడుకులు లేరు, తమ్ముళ్ళు లేరు. "ఆయన మిగిల్చిన ఆయుష్షు మీకు కలవాలి" అన్నాను. "మా తమ్ముడి కోసం శ్రమపడి వచ్చావు, దేవుడు మెచ్చుతాడు నాయనా" అని నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. అరవై కుర్చీలున్నాయి. ఆరుగురు కూర్చున్నారు. అంత డబ్బున్న డాక్టరుకి ఇంతేనా జనం అనుకున్నాను. తలుపు దగ్గర, రెండో వరసలో కూర్చున్నాను. కాలు మీద కాలు వేసుకోలేదు.

మొదటి భాగం అయింది. ఆరుగురిలో నలుగురు లేచిపోయారు. రెండో భాగానికి మిగతా ఇద్దరూ పోయారు. షేకు నా ఒక్కడికోసం, ఆ ముసలాయన కోసం చదువుతున్నాడు. నాలుగూ కూర్చోలేననిపించి లేచాను. భుజం మీద ముద్దు పెట్టాను. ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"మీ తమ్ముడిగారి చేతులు మరిచిపోలేనండీ."

ముసలాయన నా కళ్ళలోకి చూశాడు.

"మా ఈద్‌కి చేతుల్లేవు నాయనా" అన్నాడు. "పదహారో ఏట మిషన్లో పోయాయి. మోచేతుల దాకా, రెండూ."

నాకు చెమట పట్టి ఆ అరువు కోటు వీపుకి అతుక్కుంది. భూమి చీలితే అందులో దూరేవాణ్ణి.

ఆయనే అన్నాడు. "డాక్టరు గారి హాలు కోసం వచ్చి ఉంటావు. అది పక్కది. సాయంత్రం నుంచి చాలామంది ఇలాగే తలుపు తీసి, చూసి, వెళ్ళిపోయారు. నువ్వు కూర్చున్నావు."

"క్షమించండి బాబాయ్."

"దేనికి? ఇంకా రెండు భాగాలున్నాయి. తొందర లేకపోతే కూర్చో. ఒక్కణ్ణే ఉంటే షేకు కూడా తొందర తొందరగా చదివేస్తాడు."

షేకు విన్నాడు, తల దించుకున్నాడు. నేను కూర్చున్నాను. ఈసారి ఆయన కూడా తలుపు వదిలి నా పక్క కుర్చీలోకి వచ్చాడు. రావలసినవాళ్ళు ఇక ఎవరూ లేరు కదా. మూడో భాగం తర్వాత కాఫీ ఇచ్చినప్పుడు చెప్పాడు. ఆయన పేరు బద్రాన్. నలభై ఏడేళ్ళు తమ్ముడికి అన్నం తినిపించింది, గడ్డం గీసింది, చొక్కా బొత్తాలు పెట్టింది ఆయనే. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ ఉదయం లేచి రెండు రొట్టెలు వేడి చేశాడట, అలవాటు కొద్దీ.

"వాడి చేతులు గుర్తుంచుకోవాలంటే ఇవిగో, ఇవే" అని తన రెండు చేతులూ ఒళ్ళో తిరగేసి చూపించాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉత్తినే చూపించాడు.

నాలుగో భాగం అయ్యేదాకా కూర్చున్నాను. నంబరు అడగలేదు. బయటికొచ్చాక డాక్టరు హాలు వైపు చూస్తే అక్కడ ఇంకా జనం.

ఒక సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను. ఇంటికొచ్చే మెట్రోలో ఫోన్ తీసి, డాక్టర్ ముఖ్తార్ పేరు పక్కన "సందర్శన పూర్తి" అని నొక్కాను. నూట యాభై.

అక్టోబరు 22, బుధవారం

బహ్గత్ గారు ఫోన్ చేశాడు. "బాగా చేశావట. నాలుగు భాగాలు కూర్చున్నావని హాలు కాపలావాడు చెప్పాడు" అన్నాడు. ఏ హాలో కాపలావాడు చెప్పలేదు కాబోలు. నేనూ చెప్పలేదు.

"మీకెప్పుడూ నిజంగా ఏడుపు రాలేదా?" అని అడిగాను.

"మొదట్లో వచ్చేది. తర్వాత రావడం మానేసింది. ఆ తర్వాత మా ఆవిడ పోయినప్పుడు కూడా రాలేదు. దాని జోలికి పోకు, నీ పని నువ్వు చూసుకో" అని పెట్టేశాడు.

అక్టోబరు 23, గురువారం

నజ్లా రేపటికి మాంసం తెస్తానంది. ఉద్యోగం వచ్చినట్టేగా అంది. "చచ్చినవాళ్ళకి చోటు ఎవరో ఒకరు అమ్మాలి. నువ్వు మర్యాదగా అమ్ముతావు" అంది. తప్పు మాటేం కాదు. నేను అవునన్నాను.

అక్టోబరు 24, శుక్రవారం

మాంసం వచ్చింది. రఘ్దా ఎముకల కోసం నజ్లాతో గొడవపడి గెలిచింది. అందరూ హుషారుగా ఉన్నారు. అమ్మ చేతులు తెరిచి ప్రార్థన మొదలుపెట్టింది. నాన్న, పిన్ని, మేనమామ, హాగ్ రిఫాయీ. చివర్లో బూడిద రంగు సూటు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఆపమ్మా. వాడు నాన్నకి స్నేహితుడు కాదు, ఏమీ కాదు. సమాధులు అమ్ముకునేవాడు. చేతులు మరిచిపోలేనన్న మాట వాడు అందరి దగ్గరా అంటాడు. నేర్పిస్తారు వాళ్ళకి."

రఘ్దా ఎముక పళ్ళెంలో పెట్టేసింది. నజ్లా నన్ను చంపేసేలా చూసింది. అమ్మ తెరిచిన చేతులు అలాగే ఉన్నాయి.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మూడో రోజు ఫోన్ చేశాడుగా. గొంతు గుర్తుపట్టనా? నువ్వు లాక్కుని తిట్టేలోపు నాతో అన్నాడు, అమ్మా తప్పు చేస్తున్నా, క్షమించు అని."

"మరి ఊరంతా చెప్పుకొచ్చావు, చేతులు, చేతులు అని!"

"వాడు ఎందుకోసం అన్నా, ఆ మాట అబద్ధమా? మీ నాన్న చేతులు నువ్వు మరిచిపోయావా?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను.

"మీ బాబాయ్, సొంత తమ్ముడు, ఒక్క భాగానికి లేచిపోయాడు, కారు అడ్డంగా పెట్టానని. వాడు నాలుగూ కూర్చున్నాడు. డబ్బు కోసమే కూర్చున్నాడు, కాదన్నానా? కూర్చున్నాడు కదా. రోజూ ఎవరో ఒకరి చావుకి పోయి ఏడవాలి, ఇంటికొచ్చి పిల్లలతో అన్నం తినాలి. ఆ ముద్ద ఎలా దిగుతుందిరా గొంతులో? దేవుడా, వాడికి ఆ పని తప్పించు, ఇంకో దారి చూపించు అని రెండున్నరేళ్ళుగా అడుగుతున్నా. నువ్వు ఒక్కసారి కూడా ఆమీన్ అనలేదు."

తర్వాత అమ్మ తలుపు వెనక కొయ్యకి తగిలించిన కోటు వైపు చూసింది. బావమరిది కోటు. బూడిద రంగుది.

"నిన్న నేనే ఇస్త్రీ చేశాను" అంది. "భుజాల దగ్గర వదులుగా ఉంది నీకు."

నజ్లా నా పళ్ళెంలో అన్నం వేసింది. నేను తినలేకపోయాను.

అక్టోబరు 26, ఆదివారం

ఇంగీ మేడమ్ ఆఫీసుకి వెళ్ళాను. నేను అమ్మిన బేసిన్లే ఉన్నాయి అక్కడ, కుళాయిలు ఇంకా బిగువుగా తిరుగుతున్నాయి. కాగితం బల్ల మీద పెట్టాను.

"అమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు మేడమ్. ఎవరైనా అడిగి వస్తే ఎండలో తీసుకెళ్ళి చూపిస్తా, గోడ మందం దగ్గర్నుంచి నిజం చెప్తా. ఏడో షరతు తీసేయండి. ఎనిమిది వేలకే చేస్తా."

"కమీషను రెండు చేస్తాను. మొదటి సమాధి నుంచే లెక్క" అంది. ఇరవై రోజుల కిందట ఆ మాట అని ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి.

"ఏడోది?"

"వగ్దీ గారూ, అది తీసేస్తే మిగతా ఆరూ నిలబడవు. మా దగ్గర కొనేవాళ్ళు అడిగి రారు, మనమే వెళ్ళాలి." చాలా మర్యాదగా చెప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. "మీ మొహానికి ఈ పని సరిగ్గా సరిపోతుందని బహ్గత్ గారు అన్నారు."

"అదే భయంగా ఉంది మేడమ్" అన్నాను.

డాక్టర్ ముఖ్తార్ పేరు పక్కన నేను పెట్టిన గుర్తు కొట్టేయమన్నాను. ఎందుకని అడిగితే, నేను వెళ్ళింది ఆయన హాలుకి కాదని చెప్పాను. మరి ఎవరి హాలుకని అడిగింది. ఈద్ అనే ఆయనది, మీ జాబితాలో ఉండడు అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా షుబ్రా వెళ్ళి టైల్స్ వాడికి సరేనన్నాను. ఏడు వేలు. ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు. నజ్లాకి చెప్తే పోట్లాడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. రఘ్దా శుక్రవారాలు ఆసుపత్రిలో డ్యూటీ అడుగుతానంది. వద్దనలేకపోయాను.

అక్టోబరు 31, శుక్రవారం

షాపు షట్టరు నిన్న ఆఖరిసారి దించాం. షాదీ నాకు ఒక ఇత్తడి కుళాయి ఇచ్చాడు, జ్ఞాపకంగా. మంచి బరువుంది. కోటు బావమరిదికి ఇచ్చేశాను.

బద్రాన్ బాబాయ్ తమ్ముడికి నలభయ్యో రోజు నవంబరు చివర్లో వస్తుంది. ఇల్లెక్కడో ఆ హాల్లో కాఫీ పోసేవాణ్ణి అడిగి తెలుసుకున్నాను. అమ్మ తనూ వస్తానంది.

ఈరోజు కూడా ములూఖియానే. అమ్మ చేతులు తెరిచింది. నాన్న, పిన్ని, మేనమామ, హాగ్ రిఫాయీ, కొత్తగా ఈద్. చివర్లో ఆ మనిషి. ఈసారి దగ్గర కూర్చున్నాను కాబట్టి గొణుగుడు పూర్తిగా వినబడింది. "వాడికి ఆ పని తప్పించు దేవుడా, ఇంకో దారి చూపించు."

రొట్టె కింద పెట్టి, ఆమీన్ అన్నాను.